బరువు, కరుగు, మరుగు: కృష్ణా చివరి డెల్టాలో పదార్థ ధర్మాలు



స్మారకోపన్యాసమంటే సగం సేపు పోయినవారిని పొగడటం మన సభల్లో ఆనవాయితీ. ఈ రోజు మనం తలుచుకుంటున్న మాస్టారికి అది గిట్టదని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. బందరు చుట్టుపక్కల హైస్కూళ్లలో ఉద్యోగకాలమంతా సైన్సు చెప్పిన మనిషి. ఆయన క్లాసులో ‘ఇనుము బరువుగా ఉంటుంది’ అని రాస్తే మార్కు పడేది కాదు. ‘ఎంత ఇనుము? దేనికన్నా బరువు?’ అని ఎర్రసిరాతో పక్కన రాసి పంపేవారు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

పదార్థాల భౌతిక ధర్మాలు అనే పాఠం మీ అందరికీ వచ్చిందే. పదార్థాన్ని మరో పదార్థంగా మార్చకుండా దాని గురించి తెలుసుకోగలిగినవన్నీ భౌతిక ధర్మాలు. రంగు, వాసన, మెరుపు ముందు చెబుతారు. ఆ తర్వాత గట్టిదనం, స్తరణీయత, తాంతవత. సాంద్రత, ద్రవీభవన స్థానం, మరుగు స్థానం చివరికొస్తాయి. అప్పటికి గంట కొడతారు. ఈ వరసను తిరగెయ్యాలన్నది నా వాదన. కంటికి కనపడేవి ముందు నమ్మిస్తాయి, తర్వాత మోసం చేస్తాయి. కొలిచేవాటితో మొదలుపెడితే రంగూ రుచీ వాటంతటవే తమ చోటికి వచ్చి కూర్చుంటాయి.

ఇందుకు సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, చిలకలపూడి ఉంది. రోల్డ్‌గోల్డ్ నగలకు దేశమంతటా పేరు మోసిన చోటు. రాగి మీదో ఇత్తడి మీదో పలచని బంగారం. పెళ్లిపందిట్లో పక్కన నిలబడి చూస్తే అనుభవమున్న కన్నయినా తడబడుతుంది. రంగు బంగారానిదే, మెరుపూ బంగారానిదే. ఎందుకంటే పైనున్నది నిజంగా బంగారమే! కన్ను చూసేది పైపొరనే కదా. తూకం లోపలున్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఎలాగో చెబుతాను, ఇంట్లో చేసి చూడండి. గ్రాములో పదోవంతు చూపించే చిన్న డిజిటల్ తూకం కావాలి. ముందు చేతి గాజును పొడిగా తూచి బరువు రాసుకోండి. తర్వాత తూకం మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. గాజును సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుక్కీ అంచుకీ తగలకుండా, నీళ్లలో పూర్తిగా మునిగేట్టు వేలాడదీసి పట్టుకోండి. ఇప్పుడు తూకం ఎన్ని గ్రాములు చూపిస్తే గాజు ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. గాజు తన పరిమాణమంత నీటిని పక్కకు నెట్టింది. నీళ్లు గాజును పైకి తోస్తే, గాజు నీళ్లను అంతే బలంతో కిందికి తోసింది. ఆ తోపునే తూకం చూపిస్తోంది. ఇరవై గ్రాముల రాగి గాజయితే 2.2 గ్రాములు చూపిస్తుంది. 22 కారెట్ల బంగారమైతే 1.1 దగ్గర ఆగిపోతుంది. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 9 గ్రాములు, స్వచ్ఛమైన బంగారానిది 19.3. ఎంత మెరుగు పెట్టినా ఈ తేడాను దాచలేం. రాళ్లు పొదిగిన గాజులతో, లోపల డొల్లగా ఉన్నవాటితో మాత్రం ఈ పరీక్ష చేసి ఇంట్లో తగువులు తెచ్చుకోకండి.

చిలకలపూడి పనిలో బంగారాన్ని అంత పలచగా వాడటం ఎలా కుదిరింది? అక్కడ స్తరణీయత వస్తుంది. ఈ మాట పుస్తకంలో ‘రేకులుగా సాగే గుణం’ అని ఒక్క ముక్కలో అయిపోతుంది. లెక్క వేసి చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. ఒక గ్రాము బంగారాన్ని మిల్లీమీటరులో పదివేలో వంతు మందం వచ్చేదాకా సాగగొట్టవచ్చు. గ్రాము బంగారం ఘనపరిమాణం 0.052 ఘన సెంటీమీటర్లు. దాన్ని మందంతో భాగిస్తే అర చదరపు మీటరు పైచిలుకు వస్తుంది. మీ క్లాసు బల్ల మీద పరచవచ్చు. సీసాన్నో తగరాన్నో అలా సాగగొట్టబోతే ఎప్పుడో చిరిగిపోతుంది.

అయితే సాంద్రత ఒక్కటి తెలిస్తే మోసపోమా? అక్కడే మాస్టారు ఆగి మమ్మల్ని అడిగేవారు. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25. బంగారానికీ దానికీ దాదాపు తేడా లేదు. బంగారు కడ్డీ లోపల టంగ్‌స్టన్ నింపితే నీళ్ల తూకం పసిగట్టలేదు. అప్పుడు ఇంకో ధర్మాన్ని అడగాలి. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, టంగ్‌స్టన్ 3400 దాటాక గాని కరగదు. కరిగించడం ఇష్టం లేకపోతే కడ్డీలోకి ధ్వని తరంగాలు పంపి చూడవచ్చు. టంగ్‌స్టన్‌లో ధ్వని బంగారంలో కన్నా చాలా వేగంగా పోతుంది. కోర్టులోలాగే ఇక్కడా ఒక్క సాక్షి చాలడు. రెండు మూడు ధర్మాలు ఒకే మాట చెబితేనే పదార్థం ఇదీ అని తేలుతుంది.

ఘనపదార్థంలో ధ్వని అనగానే మన జిల్లా మనిషిని తలుచుకోవాలి. సూరి భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఫలితం బయటపడ్డ సంవత్సరమే అది. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఉస్మానియాకు వైస్‌ఛాన్సలర్‌గా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. పదవుల సంగతి అలా ఉంచితే, 1946లో భీమసేనాచార్‌తో కలిసి ఆయన వజ్రం స్థితిస్థాపకతను కొలిచిన పని ఈ రోజు మనకు కావాల్సింది. వజ్రాన్ని నొక్కి చూడటం మనవల్ల కాదు, అది లొంగదు. అందుకని అందులోకి మన చెవికి అందని అతిధ్వనులు పంపి, అవి ఎంత వేగంగా పోతున్నాయో చూసి, అది ఎంత బిగువుగా ఉందో లెక్కగట్టారు. వజ్రంలో ధ్వని సెకనుకు సుమారు 18 కిలోమీటర్లు పోతుంది. గాలిలో సెకనుకు కిలోమీటరులో మూడో వంతు.

ఈ వజ్రానికీ మన బందరుకూ పాత చుట్టరికం ఉంది. పదిహేడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాల వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో బందరు గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడే ఓడ దిగాడు. వజ్రం నిజమైనదో కాదో తెలియాలంటే సుత్తితో కొట్టి చూడమని ఒక మూఢనమ్మకం పాతకాలం నుంచీ ఉంది. దాన్ని నమ్మి ఎంతమంది అసలు వజ్రాలను పొడి చేసుకున్నారో! కాఠిన్యం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రం దేన్నయినా గీస్తుంది, దాన్ని మరో వజ్రం తప్ప ఏదీ గీయలేదు. కానీ సరైన దిశలో దెబ్బ పడితే చీలిపోతుంది. సానపట్టేవాళ్లు ఆ దిశ చూసుకునే చీలుస్తారు.

‘సరైన దిశలో’ అన్నాను, గమనించారా? స్ఫటికాల ధర్మాలు దిశను బట్టి మారతాయి. భగవంతం గారు 1966లో స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ ఉన్న సంబంధం మీద ఒక పుస్తకమే రాశారు. వజ్రంలాంటి ఘనాకార సౌష్ఠవమున్న స్ఫటికం బిగువును చెప్పడానికి మూడు సంఖ్యలు చాలు. సౌష్ఠవం అసలు లేని స్ఫటికానికి ఇరవై ఒకటి కావాలి. పదో తరగతికి ఇది ఎక్కువే, కాదనను. కానీ అభ్రకం ముక్క ఒకటి చేతికిస్తే ఏడో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. గోటితో ఒలిస్తే పొరలు పొరలుగా, అద్దంలా ఊడి వస్తుంది. అడ్డంగా చీల్చబోతే రాదు, విరుగుతుంది. పాత ఇస్త్రీపెట్టె పాడైతే విప్పి చూడండి. వేడెక్కే తీగను అభ్రకం రేకు మీదే చుట్టి ఉంటారు. వేడికి మాడదు, కరెంటును పోనివ్వదు, పలచగా ఒలిచి వస్తుంది. ఈ మూడు ధర్మాలూ ఒక్కచోట దొరకడం అరుదు. మన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారిని జెండాతోనే గుర్తుపెట్టుకున్నాం. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన ఆయన తర్వాత నెల్లూరు ప్రాంతంలో అభ్రకం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. రాళ్ల మీద ఆయనకున్న పట్టుకు జనం ‘డైమండ్ వెంకయ్య’ అన్నారు.

ఇక సముద్రం వైపు నడుద్దాం. సంక్రాంతి దాటి ఎండ ముదిరితే తీరంలో ఉప్పు మడులు తెల్లబడతాయి. మీలో ఎంతమంది దగ్గరికెళ్లి చూశారో తెలియదు. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మన వంటింటి ఉప్పు 27 గ్రాములకు అటూఇటూ. నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి వదులుతూ ఎండగడతారు. నీరు చిక్కబడే కొద్దీ సాంద్రత పెరుగుతుంది. దాన్ని హైడ్రోమీటరుతో, బోమే డిగ్రీలలో కొలుస్తారు. 1768లో ఆంత్వాన్ బోమే అనే ఫ్రెంచి మందుల తయారీదారు ఏర్పాటు చేసిన కొలత ఇది. సముద్రపు నీరు 3.5 డిగ్రీలు. 25 డిగ్రీలకు వచ్చేసరికి, అంటే సాంద్రత 1.21 అయ్యేసరికి, మొదట పోసిన నీటిలో పదోవంతే మిగులుతుంది. ఉప్పు పేరుకోవడం అప్పుడు మొదలవుతుంది. దానికి చాలా ముందే జిప్సం వేరే మడిలో దిగిపోయి ఉంటుంది. అసలు తెలివి 29 డిగ్రీల దగ్గరుంది. అక్కడ మిగిలిన నీళ్లను బయటికి వదిలేయాలి. వాటిలో మెగ్నీషియం లవణాలుంటాయి, చేదుగా ఉంటాయి. కక్కుర్తిపడి వాటిని కూడా ఎండబెడితే ఉప్పు చేదెక్కుతుంది. పైగా ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. శ్రావణమాసంలో ఉప్పు జాడీ చెమర్చడానికి పెద్ద కారణం ఈ మెగ్నీషియమే.

ఒకే నీటిలో కలిసి ఉన్న నాలుగైదు లవణాలను నిప్పు లేకుండా, మందు వెయ్యకుండా, ఎండతో వేరు చేస్తున్నారు. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం ద్రావణీయతలోని తేడా. మన ల్యాబుల్లో వడపోత కాగితంతో ఇసుకనీ ఉప్పునీ వేరు చేసే ప్రయోగం దీని ముందు బొమ్మలాట.

ఇక్కడే మిఠాయి కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగుతాను. ఉప్పు ద్రావణీయత వేడితో పెద్దగా మారదు. వంద గ్రాముల నీటిలో మామూలు వేడి దగ్గర 36 గ్రాములు, మరిగే నీటిలో 39. అందుకే వేడి ఉప్పునీటిని చల్లార్చినా గుప్పెడు ఉప్పు కూడా దిగదు, నీటిని ఆవిరి చేయాల్సిందే. పంచదార అలా కాదు. అదే వంద గ్రాముల నీటిలో మామూలు వేడి దగ్గర 200 గ్రాములు, మరిగేటప్పుడు అంతకు రెట్టింపు పైన కరుగుతుంది. పాకం పట్టే విద్యంతా దీనిమీదే నడుస్తుంది. బందరు తొక్కుడు లడ్డుకు బెల్లం పాకం పట్టే మనిషి చేతిలో థర్మామీటరు ఉండదు. గరిటె నుంచి చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీస్తాడు. తీగ వచ్చిందా, లేదా? పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి అందులో చుక్క వేస్తాడు. కరిగిపోయిందా, ఉండకట్టిందా? మొదటిది స్నిగ్ధత పరీక్ష. రెండోది పాకంలో ఎంత నీరు మిగిలిందో చెప్పే పరీక్ష. నీరు తగ్గే కొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది. మెత్తటి ఉండపాకం వచ్చేసరికి అది 115 డిగ్రీల దగ్గరుంటుంది. మాటవరసకు ‘నీళ్లు వందకు మరుగుతాయి’ అంటాం గాని, శుద్ధమైన నీళ్లయితేనే, సముద్రమట్టపు పీడనం దగ్గరయితేనే వంద. బందరులో వంద, హైదరాబాదులో 98. ఎక్కడ, ఏ పీడనంలో అని చెప్పకుండా మరుగు స్థానం రాస్తే అది సగం జవాబు.

దివిసీమకు వస్తే సాంద్రత పాఠం భూమిలోనే ఉంది. నాగాయలంక, కోడూరు వైపు ఎవరినడిగినా చెబుతారు: పైపైన తియ్యటి నీళ్లు, లోతుకు పోతే ఉప్పు నీళ్లు. తెలియక బోరు లోతుగా దింపితే కొన్నాళ్లకు ఉప్పుతేలుతుంది. కారణం చిన్న లెక్క. మంచినీటి సాంద్రత 1, సముద్రపు నీటిది 1.025. మంచినీరు తేలిక కాబట్టి భూమిలో ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే దాని కింద సుమారు నలభై అడుగుల మందాన మంచినీరు ఉంటుంది. ఒకటిని 0.025తో భాగిస్తే వచ్చేది ఆ నలభయ్యే. పంతొమ్మిదో శతాబ్దం చివర గీబెన్ హాలెండు తీరంలో, తర్వాత హెర్జ్‌బర్గ్ జర్మనీ తీరంలో ఈ సంగతి లెక్కగట్టి చెప్పారు.

ఈ లెక్కను తిప్పి చదవండి. మనం తోడేసి పైన ఒక్క అడుగు నీటిమట్టం దించితే, కింద ఉప్పునీరు కాలక్రమాన నలభై అడుగులు పైకి ఎగబాకుతుంది. అందుకే ఈ నేలలో లోతైన బోరు కన్నా తక్కువ లోతు ఫిల్టర్ పాయింటు మేలు. ఎంత తోడుతున్నామన్నది ఎంత లోతు దించామన్నదానికన్నా ముఖ్యం. కాలవ చివరి ఊళ్లలో చెరువులు నింపుకోవడం మీద, భూమిలోకి మంచినీరు ఇంకించడం మీద ఖర్చుపెట్టే ప్రతి రూపాయి వెనకా ఈ 0.025 ఉంది.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఈ సభలో పెద్దలకు నేను చెప్పాల్సింది లేదు. పిల్లలకు ఒక్క మాట చెబుతాను. మనుషులు పోయిన దుఃఖం ఒకటి, ఆ తర్వాత నేల పడ్డ అవస్థ ఇంకొకటి. సముద్రం పొలాల మీదికీ బావుల్లోకీ చెరువుల్లోకీ వచ్చి వెనక్కి పోయింది గాని ఉప్పు పోలేదు. దాన్ని వదిలించడానికి మందేమీ లేదు. మంచినీరు పెట్టి, ఉప్పును కరగనిచ్చి, మురుగు కాలవలోకి తీయడమే. వానలూ కాలవ నీళ్లూ కలిసి ఆ పని చేయాలి. మురుగు పారే దారి లేని పల్లపు పొలాల్లో ఉప్పు తిరిగి పైకే వస్తుంది. సన్నటి మట్టిలో కేశనాళికీయత నీటిని పైకి లాగుతుంది, ఎండ ఆ నీటిని తీసుకుపోయి ఉప్పును పైన వదిలేస్తుంది. ప్రమిదలో వత్తి నూనె పీల్చడాన్ని పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. వేసవిలో చౌడు పట్టిన పొలం తెల్లగా పూయడం దాని పెద్ద బొమ్మ.

గిలకలదిండి రేవులో చేపల పడవలకు ఐసు ఎత్తడం చూసే ఉంటారు. సున్నా డిగ్రీల నీళ్లు తీసుకుపోతే సరిపోదా, గడ్డలే ఎందుకు? కిలో మంచు కరగడానికి మింగే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. మంచు ముక్క మిగిలి ఉన్నంతసేపూ చేప చుట్టూ వేడి సున్నా దాటదు. ఆ పడవల్లోని వలకు అడుగున సీసం గుళ్లు, పైన బెండ్లు చూడండి. సీసం సాంద్రత 11.3, నీళ్లలో మునుగుతుంది, ఇనుములా తుప్పు పట్టదు. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పొయ్యి మీద కరిగించి పోతపోసుకోవచ్చు. పొగ మాత్రం విషం, పిల్లలు దగ్గరికి పోకూడదు. శాతవాహనులు సీసంతో నాణేలు పోయించడానికి కూడా ఈ తేలిగ్గా కరిగే గుణం సాయపడే ఉంటుందని నా ఊహ.

చివరగా గుడివాడ. అక్కడి మిల్లుల దగ్గర భౌతిక ధర్మం సూటిగా జేబులోకి వస్తుంది. ధాన్యం కొనేటప్పుడు తేమ శాతం చూస్తారు. ప్రభుత్వ కొనుగోలుకు పరిమితి 17. పెద్దరైతు గింజను పంటికింద కొరికి చూస్తాడు. కటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. అదీ పరీక్షే, కాఠిన్యం పరీక్ష. కానీ రైతు పన్నూ మిల్లరు పన్నూ ఒకే అంకె చెప్పవు. తేమ మీటరు గింజల్లోని విద్యుత్ ధర్మాన్ని కొలుస్తుంది. ఎండు గింజ కరెంటును దాదాపు పోనివ్వదు, తడి గింజ కొంత పోనిస్తుంది. ఆ తేడానే శాతంగా మార్చి చూపిస్తుంది. ఇందులోనూ షరతుంది. గింజ వేడిగా ఉంటే అంకె మారుతుంది. కళ్లం మీద ఎండలోంచి తీసిన గింజను వెంటనే మీటర్లో పోసి, వేడిని లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన శాతం నమ్మదగ్గది కాదు.

పిల్లలూ, మీ నాన్నగారి కోసం ఈ లెక్క కట్టండి. 20 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తాలో 15 కిలోలు నీళ్లు, 60 కిలోలు ఎండు సరుకు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే బస్తా ఎంతకొస్తుంది? 72 కిలోలని చటుక్కున అనేస్తారు. 60ని 0.83తో భాగించండి, 72.3 వస్తుంది. బస్తాకు మూడు వందల గ్రాముల తేడా. వంద బస్తాలకు ముప్ఫై కిలోల ధాన్యం. తేమ పేరు చెప్పి కోత కోస్తానన్నప్పుడు ఈ లెక్క కాగితం మీద చూపించగలిగిన పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ రైతుతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పదో వంతు గ్రాము చూపే తూకం, హైడ్రోమీటరు, 200 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు, గుప్పెడు అభ్రకం ముక్కలు కొనండి. పెద్ద ఖర్చు కాదు, ల్యాబు గ్రాంటు రాకపోతే పూర్వ విద్యార్థులం మేం ఇస్తాం, అడగండి. ఫిబ్రవరిలో ఒక పూట తొమ్మిదో తరగతిని ఉప్పు మడికి తీసుకెళ్లి హైడ్రోమీటరు పిల్లల చేతికే ఇవ్వండి. ఏ మడిలో ఎన్ని డిగ్రీలో, ఆ వేళ నీటి వేడి ఎంతో వాళ్లే నోట్సులో రాసుకోవాలి. పరీక్షకు ముందు ‘భౌతిక ధర్మాలు ఐదు రాయుము’ అనే ప్రశ్నను ఈ ఏడు కొట్టేసి, ‘మీరు కొలిచిన ధర్మం ఒకటి, కొలిచిన తీరు రాయండి’ అని అడగండి.